ముగ్గుబుట్ట కోసం మూడు గంటలు

మా మనవరాలు మొన్న బెంజిసర్కిల్ దగ్గర ఓ పార్లర్‌లో మూడు గంటలు కూర్చుని తల నెరిపించుకొచ్చింది. నెరిపించుకోవడమే, తప్పు రాయలేదు. యాష్ గ్రే అంటారట. పిల్లకి ఇరవై రెండేళ్లు. మా రోజుల్లో నలభై దాటకుండా తల ముగ్గుబుట్టయితే సంబంధాలు తప్పిపోయేవి. ఇప్పుడు ముగ్గుబుట్టకి ముందుగా ఫోన్ చేసి టైము తీసుకోవాలి.

అది ఊరికే వచ్చే నెరుపు కూడా కాదు. నల్లజుట్టు మీద బూడిదరంగు నేరుగా ఎక్కదట. ముందు పెరాక్సైడ్ పెట్టి ఉన్న నలుపంతా దించేస్తారు. అప్పుడు జుట్టు ఎండుగడ్డిలా పసుప్పచ్చగా తేలుతుంది. ఆ పసుపు విరగడానికి ఊదారంగు టోనర్ వేస్తారు. ఇదంతా అది చెబుతుంటే నా తలకేసి చూసుకున్నాను. దేవుడు పైసా తీసుకోకుండా చేసిపెట్టాడు.

1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలకి పింగళి వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా పట్టుకొస్తే, తెలుపు కూడా చేర్చమన్నారు గాంధీగారు. ఆ సలహాని మా పిల్ల ఇన్నాళ్లకి తలకెక్కించుకుంది.

మా ఇంట్లో నలుపంటే గుంటగలగరాకు. ఏలూరు కాలవ గట్టున, పొలం గట్ల మీద తడి ఉన్నచోటల్లా మొలిచేది. మా నాయనమ్మ కోసుకొచ్చి దంచి, ఆ పసరు నూనెలో పోసి చిటపటలు ఆగేదాకా కాచేది. గోరింటాకు రుబ్బితే ఇనుప మూకుట్లోనే నానబెట్టాలి, అందులో టీ డికాషన్ పొయ్యాలి. ఎందుకే ఇనుపదే అంటే, ‘నల్లబడాలిగదరా’ అనేది. అంతకుమించి ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

మగాళ్ల సంగతి వేరు. కిరాణా కొట్లో దండలా వేలాడే డై పాకెట్లలో ఒకటి చించుకుని, ఆదివారం పొద్దున్నే పెరట్లో పీటేసుకుని, అరిగిపోయిన పళ్లబ్రష్షుతో పట్టించుకునేవాళ్లం. పైన చిరిగిన బనీను. ఆ అవతారంలో ఉండగా ఎవరైనా చుట్టం దిగితే, మనిషి ఊళ్లో లేడని ఇంట్లోవాళ్లు చెప్పాలి. సోమవారం ఆఫీసులో నుదుటి మీద నల్లగీత అందరికీ కనిపించేది, ఒక్కడూ అనేవాడు కాదు. నా మర్యాద నువ్వు కాపాడితే నీ మర్యాద నేను కాపాడతానన్నమాట. రంగేసుకున్నానని నోటితో ఒప్పుకున్న మగాణ్ణి సత్యనారాయణపురం మొత్తంలో నేను చూడలేదు.

ఇంతకీ ఆ నెరిసిన తల ఎందుకయ్యా అంటే, సాయంత్రం మొగల్రాజపురంలో బొమ్మల ప్రదర్శన ఉందట. నన్నూ లాక్కెళ్లింది.

తెల్లగోడలు, ఒక్కో బొమ్మ నెత్తిన ఒక్కో లైటు. చేతిలో పేపరు కప్పుతో నిమ్మకాయ టీ. నీలంజుట్టు, ద్రాక్షరంగు జుట్టు, కొసలు మాత్రం రాగిరంగులో ముంచినట్టున్న జుట్టు. అందరూ బొమ్మలకి వీపు పెట్టి నిలబడి ఫోటోలు దిగుతున్నారు. జుట్టుకీ చిత్రకళకీ మాకు తెలిసిన చుట్టరికం ఒక్కటే: కొండపల్లిలో మేక వెంట్రుకలు కుంచెగా కట్టి తెల్లపొణికి బొమ్మలకి రంగులేసేవారు. ఇక్కడ కుంచెలే నడిచొచ్చినట్టున్నాయి.

మా బొమ్మల కొలువు గాంధీనగరం సినిమా హాళ్ల ముందుండేది. చేత్తో వేసిన బ్యానర్లలో రామారావుగారి బుగ్గ మీద ఊదారంగు, నాగేశ్వరరావుగారి గడ్డం కింద ఆకుపచ్చ. దగ్గరికెళ్తే రంగు మరకలు, రోడ్డుకి అవతల నిలబడితే ముఖం. మెడలు పడిపోయేట్టు చూసేవాళ్లం, టిక్కెట్టు కొనేది తర్వాత. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రమొస్తే జాగ్రత్తగా చింపి అద్దం కట్టించేవాళ్లు. ఇక బాపు బొమ్మకి జడ ఎంత నల్లగా, ఎంత పొడుగ్గా ఉంటే అంత ముద్దు. ఆ జడకి బూడిదరంగు పూస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

కళ నేర్చుకోవాలంటే బందరుండేది. 1910లో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోదకుమార చటర్జీ బొమ్మలు నేర్పారు, అడివి బాపిరాజుగారు ఆయన శిష్యుడే. కృష్ణకి అవతలి డెల్టాలో, దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో సంజీవదేవ్‌గారు పల్లెటూరి ఇంట్లో కూర్చునే బొమ్మలేసి, వ్యాసాలు రాసి, లోకమంతటితో ఉత్తరాలు నడిపారు. లైట్లూ లేవు, టీ కప్పులూ లేవు.

ఇంత చెప్పాను గానీ, తుమ్మపూడికి నేనెన్నడూ వెళ్లలేదు. బస్సు దూరమే. అద్దం కట్టిన కాగితాలూ సినిమా బ్యానర్లూ తప్ప, చేత్తో వేసిన అసలు బొమ్మ ఎదురుగా నేను నిలబడింది డెబ్బై నాలుగేళ్లలో ఆ సాయంత్రమే. ఇది మనవరాలికి చెప్పలేదు.

ఒక మూల పెడన కలంకారీ గుడ్డ వేలాడుతోంది. దాని ముందు మాత్రం నీలంజుట్టు కుర్రాడొకడు ఫోటో దిగకుండా, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. ‘ఈ బ్లాక్ ఏం కలరండీ?’ అన్నాడు, అక్కడ వేరే దిక్కులేక నన్నే.

చెప్పాను. పెడనలో మా మేనత్తగారిల్లు, చిన్నప్పుడు చూసిందే. ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, వాసన దారుణం. ఆ నీళ్లలో అచ్చు ముంచి గుడ్డ మీద కొడితే, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసిన చోట నలుపు పుడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక అచ్చు కొట్టి, మంజిష్ఠలో ఉడికిస్తారు. చివర్న కాలవలో పారేనీళ్లకి జాడిస్తారు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాను. నాయనమ్మ ఇనుప మూకుడు ఎందుకో అప్పుడు తట్టింది.

కుర్రాడు అంతా ఫోన్‌లో రాసుకున్నాడు. రాసుకుని నా ముఖంలోకి చూశాడు. తల తెల్లగా వదిలేశాను గానీ మీసం ఇంకా వదల్లేదు నేను.

‘మరి మీసానికి కూడా కరక్కాయేనా తాతగారూ?’ అన్నాడు. మనవరాలు టీ కప్పు అడ్డం పెట్టుకుంది.

‘కాదు నాయనా, పాకెట్టే’ అన్నాను.