పిల్లి తిన్న పచ్చసొన

అమెరికావాళ్ల ఆహార సూత్రాలను మా ఇంట్లో పాతికేళ్లు తు.చ. తప్పకుండా పాటించాం. దానివల్ల బాగుపడింది మాత్రం పెరటి పిల్లి. నాన్నగారు ఉడికిన గుడ్డును నిలువునా చీల్చి, పచ్చసొన వేలితో ఊడబెరికి దాని మూకుట్లో పడేసేవారు. తెల్లసొన మీద ఇంత మిరియాలపొడి చల్లుకుని రబ్బరు నమిలినట్టు నమిలేవారు. పిల్లి వీపు నిగనిగలాడేది.

రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ దాటొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1968లో గీత గీసింది. ఒక్క పచ్చసొనలోనే ఇంచుమించు 185. అంటే రెండో గుడ్డు నేరం. 1977లో సెనేటర్ మెక్‌గవర్న్ కమిటీ కొవ్వు తగ్గించి పిండిపదార్థాలు 55-60 శాతానికి పెంచమంది. మాంసం కూడా తగ్గించమంది గానీ, పశువుల పెంపకందార్లు కన్నెర్రజేసేసరికి ఆ ఏడాది చివరికే మాట మార్చి, కొవ్వు తక్కువున్న మాంసం ఏరుకోమంది. శాస్త్రం అంత చురుగ్గా కదలడం అరుదు.

1992లో ఏకంగా ఆహార పిరమిడే కట్టారు. అడుగున బ్రెడ్డు, అన్నం, పాస్తా: రోజుకు 6 నుంచి 11 వడ్డింపులు. కొసన నూనె, వెన్న, మిఠాయి ఒకే గదిలో ఖైదు. కట్టిందెవరు? అమెరికా వ్యవసాయ శాఖ. పండిన గోధుమలు అమ్ముడుపోయేలా చూడాల్సిందీ ఆ శాఖే. పెళ్లిళ్ల పేరయ్యే పిల్ల తండ్రయితే సంబంధం ఎలా చెబుతాడో వేరే చెప్పాలా! బిస్కెట్ల కంపెనీలు కొవ్వు తీసేసి, చక్కెర దట్టించి, డబ్బా మీద ‘ఫ్యాట్ ఫ్రీ’ అని అచ్చేసుకున్నాయి.

2015-2020 అమెరికా ఆహార మార్గదర్శకాల పుస్తకంలో ఆ 300 గీతను చడీచప్పుడు లేకుండా చెరిపేశారు. అదే పుస్తకంలో, కొలెస్ట్రాల్ వీలైనంత తక్కువ తినమనీ రాశారు. తలుపు తీసి, గడప దాటొద్దన్నట్టు! (సంతృప్త కొవ్వుకు 10 శాతం హద్దు అలాగే ఉంది. నెయ్యిగిన్నె బోర్లించుకోమని నేననడం లేదు.) పాతికేళ్ల పచ్చసొనకు క్షమాపణ మాత్రం ఏ పేజీలోనూ లేదు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూటిగానే చెప్పింది: ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు, మనకేమో 50 నుంచి 70 దాకా వస్తోంది. నాన్నగారు పేపర్లో ఆ వార్త పూర్తిగా చదివి, మడిచి పక్కన పెట్టి, మారు అన్నం వడ్డించమన్నారు.

గుడ్డు మాత్రం ఇప్పుడు మొత్తం తింటున్నారు. పిల్లి పక్క వాటాకు మారిపోయింది. వాళ్లింకా 1968లోనే ఉన్నారు.