అమ్మబడును, కానీ అమ్మను

అమ్మకానికి పెట్టినవాడికి అమ్మే ఉద్దేశం కూడా ఉంటుందని మనం అనుకుంటాం. తోపుడు బండి దగ్గర వంకాయలు బేరమాడి పెరిగినవాళ్ళం, ఇంకెలా అనుకుంటాం? పాత స్పోర్ట్స్ కార్ల విడిభాగాల లోకంలో ఈ అమాయకత్వం పనికిరాదు. అక్కడ ఆసామి ప్రకటన వేసేది ఆ వస్తువు తన దగ్గర ఉందని, మీ దగ్గర లేదని నలుగురికీ తెలియడానికి.

ప్రకటన తీరు చూడండి. గ్యారేజీలో లైటు వెయ్యకుండా తీసిన ఫోటో ఒకటి. అందులో ఓ మూల చక్రం, చక్రం మీద దుప్పటి, దుప్పటి మీద పిల్లి. ధర ఉండాల్సిన చోట "నా దగ్గర ఏముందో నాకు తెలుసు" అని ఉంటుంది. కింద షరతులు. బేరాలు లేవు. ఊసుపోక అడిగేవాళ్ళు అడగొద్దు. పార్సిల్ పంపను, వచ్చి తీసుకెళ్ళాలి. ఎక్కడికి రావాలో మాత్రం రాయడు. అసలైనవాడైతే అదే కనుక్కుంటాడని కాబోలు.

మా బావమరిది కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు కొన్నాక ఇంకేం కొనాలో తోచక 1970 నాటి పోర్షే 911 కొన్నాడు. దానికి మామూలు స్టీలు చక్రాలున్నాయి. బండి నడుస్తోంది కూడా. అక్కడితో ఆగితే నాకు ఈ వారం కాలమ్ ఉండేది కాదు. వాడికి ఫుక్స్ చక్రాల మీద మనసు పోయింది.

ఫుక్స్ అంటే జర్మనీలో మైనర్ట్‌స్‌హాగెన్ ఊరి ఓట్టో ఫుక్స్ కంపెనీ చేసిన అల్యూమినియం చక్రాలు. పోత పోసినవి కావు, లోహాన్ని అచ్చులో నొక్కి చేసినవి. అయిదు రేకుల పువ్వులా ఉంటాయి. 1966లో 911ఎస్ అనే మోడల్‌తో వచ్చాయి. వాటిలో 1970 చుట్టుపక్కల కొద్ది ఏళ్ళు మాత్రమే వచ్చిన ఆరంగుళాల వెడల్పు రకాన్ని భక్తులు 'డీప్ సిక్స్' అంటారు. తర్వాత వచ్చిన ఆరంగుళాల చక్రానికీ దీనికీ తేడా ఏమిటయ్యా అంటే, ఇది కాస్త లోతుగా కనిపిస్తుంది. ఆ కాస్త లోతుకు పెట్టే డబ్బుతో ఇక్కడ ఒక చిన్న మారుతి కారు ఇంటికొస్తుంది, నాలుగు చక్రాలతో సహా.

దొరికిన చక్రమల్లా పనికిరాదు. ప్రతి చక్రం వెనక దాన్ని చేసిన నెల, సంవత్సరం ముద్ర వేసి ఉంటుంది. కారు ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన నెలకు ముందు పుట్టిన చక్రమే ఆ కారుకు వెయ్యాలి, అదీ మరీ ముందు కాకూడదు. కారు మార్చిలో పుట్టి చక్రం మేలో పుడితే సంబంధం తప్పిపోయినట్టే. మా అత్తగారు వాడి పెళ్ళికి కూడా ఇంత నిక్కచ్చిగా జాతకాలు చూపించలేదు. చక్రం బిగించాక ఆ ముద్ర ఎవరికీ కనిపించదు. పోటీల్లో టార్చిలైటు పట్టుకుని నేల మీద పడుకుని చూసే న్యాయనిర్ణేతలకు తప్ప.

అలాంటి నాలుగు చక్రాలున్న ఒక పెద్దమనిషి దొరికాడు. రిటైరై కొండ మీద ఉంటున్నాడు. ఫోన్ చేస్తే ధర చెప్పకుండా ఇంటర్వ్యూ మొదలుపెట్టాడట.

"నీది ఏ మోడల్?"

"911టీ అండీ."

అవతల చాలాసేపు మాట లేదు. ఆ ఏడాది 911లలో మూడు వర్ణాలుండేవి. టీకి 125 హార్స్‌పవర్, ఈకి 155, ఎస్‌కు 180. ఎస్‌కు ఫుక్స్ చక్రాలు పుట్టుకతోనే వచ్చేవి. టీ వాళ్ళు పైన డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిందే.

"టీకి డీప్ సిక్సులా?" అన్నాడట ఆయన.

పదమూడు వేల కిలోమీటర్ల అవతల, పరాయి భాషలో విన్నా ఆ గొంతును మావాడు వెంటనే గుర్తుపట్టాడు. చిన్నప్పుడు మా మామగారి ఊళ్ళో రచ్చబండ దగ్గర విన్నదే.

"రంగు?"

"ఎరుపండీ."

"ఫ్యాక్టరీలో వేసిన రంగు అడుగుతున్నాను."

"ఐరిష్ గ్రీన్. నాకు ముందున్నాయన ఎరుపు వేయించాడండీ."

ఫోన్ పెట్టేశాడు.

మీరూ నేనూ అయితే ఆ నంబరు తీసేసి అన్నానికి కూర్చుంటాం. మావాడు క్షమాపణ చెబుతూ మెయిలు రాశాడు, పచ్చ రంగు మళ్ళీ వేయిస్తానని. "వేయించాక ఫోటో పంపు" అని జవాబొచ్చింది. వేయించాడు. చక్రాలు కొనడానికి అర్హత సంపాదించుకోవడం కోసం కారుకు వేయించిన ఆ రంగు, చక్రాల కంటే ఎక్కువ ఖరీదైంది. ఈ లెక్క నాకు చెబుతున్నప్పుడు వాడి గొంతులో బాధ లేదు, గర్వం ఉంది.

తర్వాత దర్శనం. ఒక శనివారం పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాకా ఆయన తాను అమ్మనని చెప్పినవాళ్ళ కథలన్నీ వినిపించాడు. ఒక డాక్టర్‌ను ఎలా తిప్పి పంపిందీ, ఒక జపాన్ ఆయన విమానంలో వచ్చినా గ్యారేజీ తలుపు ఎందుకు తియ్యనిదీ. చివరికి మావాడు ధైర్యం చేసి ఎంతకిస్తారని అడిగాడు.

"నువ్వెంత పెడతావో చెప్పు."

చెప్పాడు.

"నన్ను అవమానించడానికి ఇంత దూరం వచ్చావా?"

కాస్త పెంచాడు. ఈసారి ఆయన గడ్డం రుద్దుకున్నాడు. "నీలాంటివాడే ఇంత పెడుతున్నాడంటే వీటి విలువ నేననుకున్నదానికంటే ఎక్కువే అన్నమాట. నన్ను ఆలోచించుకోనీ."

చూశారా, తక్కువ చెబితే అవమానం, ఎక్కువ చెబితే ఆలోచన. అర్థశాస్త్రంలో ధర పెరిగితే సరఫరా పెరుగుతుందని చదువుకున్నాం. ఈ కొండ మీద ధర పెరిగేకొద్దీ సరుకు లోపలికి వెళ్ళిపోతుంది. మన రాణిగంజ్‌లో కౌంటరు ముందు నిలబడి బండి పేరు, మోడల్ చెబితే చాలు, లోపల్నుంచి కుర్రాడు డబ్బా తెచ్చి పడేస్తాడు. మీ బండి రంగేమిటని అడగడు. గురువారం జుమేరాత్ బజార్‌లో నేల మీద పరుచుకుని కూర్చున్నవాడు మీరు పైసలివ్వకుండా వెళ్ళిపోతుంటే వెనక్కి పిలుస్తాడు. వీళ్ళకు వ్యాపారం తెలియదు పాపం, అమ్మేస్తారు.

"ఒరేయ్, అచ్చం అలాంటివే కొత్తగా చేసి అమ్ముతున్నారటగా, అవి కొనుక్కోరాదూ?" అన్నాను. ఫోన్లో వాడు పెట్టిన కేక మా ఆవిడకు వంటింట్లోకి వినిపించింది. "రీప్రొడక్షనా బావా!"

తప్పంతా ఆ ముసలాయనదే అంటే నేనొప్పుకోను. ఆయనకు ఈ తెగులు నేర్పింది కొనేవాళ్ళే. ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మధ్య మజ్జోరె సరస్సులో 1925 నాటి బుగాటి కారు ఒకటి దశాబ్దాల పాటు నానింది. సుంకం కట్టలేదని స్విస్ కస్టమ్స్ వాళ్ళే నీళ్ళలోకి దింపారంటారు. 2009లో పైకి తీశారు. మరుసటి ఏడాది ప్యారిస్ వేలంలో ఆ తుప్పును 2,60,500 యూరోలకు పాడుకున్నారు. కొన్నాయన దాన్ని బాగుచేయించాడనుకుంటున్నారా? తుప్పు చెక్కుచెదరకుండా మ్యూజియంలో పెట్టాడు. 2023లో కాలిఫోర్నియాలోని మాంటరేలో 1954 నాటి ఫెరారి మోండియల్‌ను వేలం వేశారు. కారంటే కారు కాదు, గుద్దుకుని, తగలబడి, నలిగిపోయిన లోహపు ముద్ద. 18.75 లక్షల డాలర్లు పలికింది. అంత డబ్బు ఆ ముద్దకు కాదు, దాని చాసిస్ నంబరుకు. బూడిదకు ఈ రేటు నడుస్తుంటే, పగుళ్ళు లేని నాలుగు చక్రాలున్నాయన ఫోన్ ఎందుకెత్తుతాడు?

పైగా ఈ భక్తులకు శాస్త్రమైనా ఒకటేనా అంటే కాదు. 1929లోనూ 1930లోనూ లె మాన్స్ రేసు గెలిచిన బెంట్లీ 'ఓల్డ్ నంబర్ వన్'ను తర్వాత కోటి పౌండ్లకు బేరం చేసుకున్న కంపెనీ, ఇందులో పాత భాగాలు మిగల్లేదు, ఇది ఆ కారే కాదు పొమ్మని వెనక్కి తగ్గింది. అమ్మినాయన కోర్టుకెక్కాడు. భాగాలు మారినా బండి బతుకు తెగలేదు, కాబట్టి ఇది ఆ కారేనని 1990లో లండన్ హైకోర్టు తేల్చింది. మొత్తం మారినా అసలుదేనని అక్కడ తీర్పు. ఒక్క చక్రం రెండు నెలలు ఆలస్యంగా పుట్టిందని ఇక్కడ వెలి. ఎవరికి ఏది లాభమైతే వాళ్ళు ఆ సిద్ధాంతంలోకి దీక్ష పుచ్చుకుంటారు. అమ్మేటప్పుడు ఒకటి, కొనేటప్పుడు ఒకటి పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు.

మొత్తానికి పెద్దాయన కరిగాడు. ఊరికే కాదు. చక్రాలతో పాటు ఒక వంకర బంపరు, బిగుసుకుపోయిన గేర్‌బాక్సు, అట్టపెట్టెడు పాత పత్రికలు కూడా కొనాలన్నాడు, విడగొట్టి ఇవ్వనన్నాడు. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు తనకే చెప్పాలని, ఇదే ధరకు ఇవ్వాలని కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. నగదే తీసుకున్నాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, చక్రాలను చేత్తో నిమిరి, మొహం అటు తిప్పుకున్నాడట.

మొన్న వాడి భార్య ఫోన్ చేసింది. చక్రాలతో కారు ఎలా ఉందమ్మా అని అడిగాను.

"కారుకు ఇంకా స్టీలువే ఉన్నాయి అన్నయ్యా. ఇవి బిగిస్తే రోడ్డు మీద గీతలు పడతాయట. నాలుగూ హాల్లో సోఫా పక్కన పెట్టారు. నిన్న మా అమ్మ వాటి మీద కాఫీ కప్పు పెట్టిందని రాత్రి అన్నం తినలేదు మీ బావమరిది."