కంప్యూటర్ నేర్పేవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలంగాణ తెలుగు వినిపించని గల్లీ ఉండదు. సాంచాల (మరమగ్గాల) మీద బతుకుదామని వచ్చిన కుటుంబాలవి. కార్పొరేషన్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. రీళ్లు చూడటం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు, కానీ సొంతంగా ఒక్క వెబ్ పేజీ చేసినవాళ్లు అరుదు. ఆదివారాలు క్లాసు పెట్టి ఆ పని నేర్పిద్దామనుకునే అన్నలకు, అక్కలకు ఈ సలహాలు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వింటే కొట్టిపారేస్తారు. అయినా ఇవే పనికొస్తాయని నా గట్టి నమ్మకం.

1. మొదటి రోజు కంప్యూటర్ ముట్టనివ్వకండి

పిల్లల్ని జాకార్డు మగ్గం నడిచే కార్ఖానాకు తీసుకెళ్లండి. దాని చిల్లుల అట్టలు పాతవి దొరికితే చేతికివ్వండి. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. చీర మీద పువ్వు పూసేది ఈ లెక్కతోనే. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ జాకార్డ్ 1804లో ఈ పద్ధతిని స్థిరపరిచాడు. తర్వాత చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే అరువు తెచ్చుకున్నాడు. 1843లో ఆ యంత్రం గురించి రాసిన ఎడా లవ్‌లేస్ దాన్ని జాకార్డు మగ్గంతోనే పోల్చింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ జాకార్డుకు అట్టల బదులు డిజైన్ ఫైలు ఎక్కిస్తున్నారు.

ఇది చూసిన పిల్లవాడు ‘మా నాయనకేం తెలుసు’ అనడు. కంప్యూటర్ ఎక్కడో పుట్టిన మాయ అనీ అనుకోడు.

2. మోసం ఎలా చేస్తారో ముందే చూపించండి

‘తెలియని లింకు నొక్కకండి, ఓటీపీ చెప్పకండి’ అని గోడకు రాసిపెడితే పిల్లలు చదివి మర్చిపోతారు. దాని బదులు కంప్యూటర్‌లో చీరలమ్మే పేజీ తెరవండి. ధర మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కండి. లోపలి కోడ్ కనిపిస్తుంది. అందులో 499 చెరిపి 49 రాయించండి. తెర మీద చీర ధర నలభై తొమ్మిదే. స్క్రీన్‌షాట్ తీయించండి. ఇప్పుడు పేజీ రిఫ్రెష్ చేయించండి. మళ్లీ 499.

‘అన్నా, గిట్ల ఎవరైనా మార్చొచ్చా?’ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. పాఠం మొదలయ్యేది అక్కడే. మనం మార్చింది మన తెర మీది నకలును. అసలు పేజీ ఎక్కడో ఉన్న సర్వర్‌లో భద్రంగా ఉంది. కాబట్టి ‘పైసలు పంపిన, చూడు’ అంటూ ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే సరుకు ఇవ్వకూడదు, మన ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకోవాలి. తన చేత్తో అంకె మార్చిన పిల్ల ఈ మాట జన్మలో మరవదు.

3. ఇంగ్లిష్ వచ్చేదాకా ఆగకండి

వెబ్ పేజీ రాసే భాష హెచ్‌టీఎంఎల్. అది మొదలుపెట్టడానికి పది ట్యాగులు (గుర్తులు) చాలు. వాటి మధ్య రాసేది తెలుగే కానివ్వండి. చదవడం రాని పిల్లలకు తమ పేరు, ఊరి పేరు రాయడంతోనే అక్షరాలూ వస్తాయి.

ఒక చిక్కు మాత్రం ముందే చూపించండి. పెళ్లి కార్డుల కోసం అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగును తెచ్చి పేజీలో అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ఆ ఫాంట్లలో తెలుగు ఉన్నది బొమ్మలోనే, లోపలి సంకేతాలు వేరే. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది, అందుకే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా నిలబడింది ఈ యూనికోడ్ మీదే.

4. తప్పు కనబడినా దిద్దకండి

ఒకమ్మాయి బోల్డ్ ట్యాగు తెరిచి మూయడం మర్చిపోతుంది. శీర్షిక ఒక్కటే లావుగా రావాల్సింది, పేజీ అంతా లావెక్కిపోతుంది. మీ చెయ్యి మౌస్ వైపు పోతుంది. పోనివ్వకండి. ‘లావు ఎక్కడ మొదలైంది?’ అని మాత్రం అడగండి. పంక్తి పంక్తీ వేలుపెట్టి చదువుకుంటూ తానే పట్టుకోవాలి. తప్పు వెతకడం వచ్చినవాళ్లకు కొత్త పని ఏది ఎదురైనా భయం ఉండదు. మీరు దిద్దిన పేజీ మీదే అవుతుంది.

5. సర్టిఫికెట్ ఇవ్వకండి

దాని బదులు ఇంటికి పనికొచ్చే పేజీ చేయించండి. సూరత్‌లో ఎంతమంది ఆడవాళ్లు ఇంట్లోనే చీరలకు స్టోన్లు అతికిస్తున్నారో, లేసు కుడుతున్నారో చూడండి. అమ్మను అడిగి ఆ పనుల రేట్ల పట్టిక తయారుచేయమనండి. అప్పుడు అసలు ప్రశ్నలు పుడతాయి. ఫోన్ నంబర్ పెట్టాలా? ఎవరిది? ఇంటి అడ్రసు ఎందుకు? అక్క ఫోటో ఎందుకు? ఏది పెట్టకూడదో పిల్లలే వాదించుకుని తేల్చుకోవాలి.

పేజీ అయ్యాక దాన్ని అమ్మకు వివరించే బాధ్యతా వాళ్లదే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని, పిన్ అడిగారంటే మన ఖాతాలోంచి పోతుందని, మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలని బిడ్డ చెబితే ఇంట్లో వింటారు.

టిమ్ బర్నర్స్-లీ తయారుచేసిన వెబ్‌ను సెర్న్ సంస్థ 1993 ఏప్రిల్ 30న అందరికీ ఉచితంగా వదిలేసింది. పేజీ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. లింబాయత్ పిల్లలకూ అందులో సమాన హక్కుంది. ఆ హక్కు వాడుకోవడం నేర్పే మనిషే కరువు. వచ్చే ఆదివారం ఒక పాత ల్యాప్‌టాప్, నలుగురు పిల్లలు దొరికితే చాలు, మొదలుపెట్టండి.