ఉప్పుగూడకు చేరిన పౌడర్ స్కీల ఆత్మకథ

మంచు మీద జారడానికి బూట్ల కింద బిగించుకునే పొడవాటి పలకలను స్కీలు అంటారు. వాటి స్వభావాన్ని ముందుగా నిర్ణయించేది పాదం కింద ఉండే నడుము వెడల్పు: యంత్రాలతో తొక్కి చదును చేసిన గట్టి వాలుపై తిరిగే స్కీలకు అది 65 నుంచి 80 మిల్లీమీటర్ల దాకా ఉంటే, అప్పుడే కురిసి ఇంకా అణగని మెత్తటి మంచులో, అంటే స్కీయర్లు పౌడర్ అని పిలిచే మంచులో, తేలడానికి చేసిన స్కీలకు 105 మిల్లీమీటర్లు దాటుతుంది. హైదరాబాదులోని ఉప్పుగూడ రైల్వే స్టేషనుకు దగ్గరలోని ఒక ఇంట్లో అటకపైన, ఆ తరువాత మెట్ల కింద ఏళ్ల తరబడి పడి ఉండి, చివరకు పాత సామాన్ల బండి ఎక్కిన ఒక జత ఈ రెండో తరగతిది. దాని పొడవు 184 సెంటీమీటర్లు, నడుము 112 మిల్లీమీటర్లు, ఒక్కొక్కదాని బరువు 1,550 గ్రాములు. ఆ చివరి అంకెను చూసే దాన్ని కొన్నారు. ఆ అంకె వల్లే అది యజమాని మనసుకు దూరమైంది. తన బతుకును తానే చెప్పుకోవలసి వస్తే ఈ జత మొదట చెప్పుకునేది ఆ బాధే.

వంశం విషయంలో మాత్రం దానికి గర్వపడే హక్కు ఉంది. 1980ల చివర్లో ఆస్ట్రియాకు చెందిన అటామిక్ సంస్థలో రూపర్ట్ హ్యూబర్ వెడల్పాటి స్కీకి రూపం ఇచ్చాడు. హెలికాప్టరులో కొండెక్కి పౌడర్‌లో దిగే కెనడా విహారాల్లో అది వయసు మళ్లినవారిని, కాళ్లలో బలం తగ్గినవారిని కూడా మంచుపై నిలబెట్టింది. దమ్ము చేసిన మడిలో చదును పలకపై నిలబడిన మనిషి దిగబడనట్టే, శరీర భారం ఎక్కువ వైశాల్యంపై పరుచుకుంటే స్కీ మంచులో మునగదు. తరువాత షేన్ మెక్‌కాంకీ అనే స్కీయర్ నీటి మీద జారే స్కీలను గమనించి, ముందు వెనుక కొనలు పైకి వంగి, నడుమే వెడల్పుగా ఉండే స్కీని ఊహించాడు. అది 2000ల తొలి ఏళ్లలో వోలాంట్ సంస్థ ద్వారా ‘స్పాట్యులా’ అనే పేరుతో బయటకు వచ్చింది. కొనలు ఇలా నేలను వదిలి పైకి లేవడాన్ని రాకర్ అంటారు. ఈనాటి పౌడర్ స్కీలన్నిటిలోనూ ఏదో ఒక మోతాదులో ఈ వంపు కనిపిస్తుంది.

దాని తయారీ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. లోపల పాలోనియా అనే అతి తేలిక చెక్క, దానిపైన కార్బన్ నార, అడుగున మైనాన్ని పీల్చుకోగల పాలిథిలిన్ పొర, చుట్టూ ఉక్కు అంచు. వీటన్నిటినీ జిగురుతో, వేడితో, ఒత్తిడితో ఒకటిగా అతికించారు. బరువైన స్కీలలో పాదం కింద వేసే టైటానల్ రేకు, అంటే జింకు, మెగ్నీషియం వంటివి కలిపిన గట్టి అల్యూమినియం మిశ్రమం, ఇందులో లేదు.

ఈ జతను కొన్నది సియాటిల్ పరిసరాల్లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు ఇంజినీరు. దుకాణంలో ఒక చేత్తో ఎత్తి చూసి, ఇంత వెడల్పున్నా ఇంత తేలికా అని అతడు ఆశ్చర్యపడిన క్షణంలోనే ఎంపిక ముగిసింది. ఎక్కడ, ఏ మంచులో, రోజులో ఏ వేళ తొక్కబోతున్నాడన్నది ఎవరూ అడగలేదు, అతడూ చెప్పలేదు. తేలిక స్కీ అసలు ఎవరి కోసం పుట్టిందంటే, లిఫ్టు సాయం లేకుండా స్కీల అడుగున వెనక్కి జారనివ్వని పట్టీలు అంటించుకుని గంటల తరబడి కొండెక్కేవారి కోసం. వారికి అడుగడుగునా ఎత్తవలసిన బరువులో వంద గ్రాములు తగ్గినా మేలే. స్కీ రిసార్టులో అయితే కొండ ఎక్కించేది లిఫ్టు. అక్కడ ఒక్కో కాలికి బూటును స్కీకి బిగించే, కిలోకు అటూ ఇటూగా తూగే బైండింగు, దాని పైన అంతకన్నా బరువైన బూటు ఎలాగూ ఉంటాయి కనుక, స్కీలో మిగుల్చుకున్న నాలుగైదు వందల గ్రాములు కారు దగ్గర నుంచి లిఫ్టు దాకా భుజాన మోసేటప్పుడు, చెట్ల మధ్య చటుక్కున తిప్పేటప్పుడు తప్ప పెద్దగా అక్కరకు రావు.

సియాటిల్‌కు దగ్గరలోని స్టీవెన్స్ పాస్ రిసార్టులో తెల్లవారుజామున మంచు కురిసి ఆగిన రోజుల్లో, మొదటి గంట ఈ జతకు పండుగే. మోకాలి లోతు మెత్తదనంలో కొనలు వాటంతట అవే పైకి లేచేవి, యజమాని కేక వేసి నవ్వేవాడు, ఆ నవ్వుకు కారణం తానేనని అది పొంగిపోయేది. అయితే రిసార్టులో పౌడర్ ఎక్కువసేపు నిలవదు. వందల మంది ఒకే వాలుపై దిగేసరికి, పది పదకొండు గంటలకే అది ముక్కలై, గుట్టలు గుట్టలుగా పేరుకుని, మధ్యాహ్నానికి గట్టిపడుతుంది. పైగా సముద్రానికి దగ్గరగా ఉండే కాస్కేడ్ పర్వతాల మంచు స్వతహాగా తడిబరువుది: యూటా ఎడారి గాలిలో మీటరు మందాన పడ్డ మంచు కరిగితే సుమారు 8 సెంటీమీటర్ల నీరు వస్తుండగా, ఇక్కడ అది సాధారణంగా 12 దాటుతుంది కనుకనే స్థానికులు దీన్ని ‘కాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. బరువున్న వస్తువును దారి తప్పించడానికి ఎక్కువ బలం కావాలి, తేలికైనదాన్ని చిన్న మంచుగడ్డ కూడా పక్కకు నెట్టేస్తుంది. దీనికి తోడు కార్బన్ నార అదురును మింగదు, నేరుగా మోకాళ్లకు చేరవేస్తుంది. మధ్యాహ్నం తరువాత ఈ జత కాళ్ల కింద కొట్టుకునేది, గట్టి వాలులో అంచు పట్టు జారేది, వెడల్పు ఎక్కువైనందున ఒక అంచు నుంచి మరో అంచుకు వాల్చడానికి మోకాలిపై భారం పడేది. యజమాని దాన్ని తిట్టుకున్నాడు. తన పని కాని పనికి తనను పెట్టి, ఆ పనిలో తప్పిందని నింద వేయడం దాన్ని చాలా నొప్పించింది.

రిసార్టులో తిరిగే మామూలు శరీరం గల మనిషి అడగవలసింది మొదటి గంట గురించి కాదు, మధ్యాహ్నం గురించి. 104 నుంచి 108 మిల్లీమీటర్ల నడుము, ఒక్కొక్కటి 1,850 నుంచి 2,050 గ్రాముల బరువు, కొనల వద్ద తేలిక చెక్క, పాదం కింద బీచ్ వంటి బరువైన చెక్కతో కొద్దిపాటి టైటానల్ ఉన్న స్కీ తేలడానికీ పనికొస్తుంది, ముక్కలైన మంచులో నిలబడటానికీ పనికొస్తుంది. ఊగే కొనల వద్ద తగ్గిన బరువే తిప్పడంలో సుఖాన్నిస్తుంది. నడుమ తగ్గిన బరువు నిలకడను హరిస్తుంది. యూటా, జపాన్ ఉత్తర దీవి వంటి పొడిమంచు ప్రాంతాల్లో ఇంకొంత తేలికైనదైనా చెల్లుతుంది, తడిమంచు కొండల్లో చెల్లదు.

తరువాత కుటుంబం హైదరాబాదుకు తిరిగి వచ్చేసింది. అంత ఖరీదు పెట్టి కొన్నది వదిలేయడానికి మనసొప్పక, ఓడలో వచ్చిన సామానుతో ఈ జతనూ తెచ్చి ఉప్పుగూడలోని పాత ఇంటి అటకపైకి ఎక్కించారు. సీజను ముగిసినప్పుడు స్కీ అడుగుకు మందంగా మైనం కరిగించి పూసి గీకకుండా వదిలేస్తే ఆ పొర ఎండిపోదు, ఉక్కు అంచుకు తుప్పూ పట్టదు. ఆ పావుగంట పని ఎవరూ చేయలేదు. మే నెలలో రేకు కప్పు కింద ఊపిరాడని వేడి, ఆషాఢం వచ్చాక చెమ్మ. నల్లగా మెరిసిన అడుగు తెల్లబారి గరుకెక్కింది. ఒక వేసవిలో దాన్ని దింపి, రెండు ఇటుకల మధ్య పలకగా పరిచి, మేడపైన దాని మీద వడియాలు ఎండబెట్టారు. పెట్టినవారికి అది ఏమిటో తెలియదు, తెలిసినవాడు చూసి ఊరుకున్నాడు. ఇంటి పిల్లలను లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004లో తెరిచిన కృత్రిమ మంచు వినోద కేంద్రం స్నో వరల్డ్‌కు తీసుకువెళ్లి వచ్చిన రోజున కూడా, అసలైన మంచు చూసిన వస్తువు ఇంట్లోనే ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

అన్నిటికన్నా దాన్ని బాధించేది కశ్మీరులోని గుల్‌మార్గ్. అక్కడి గొండోలా, అంటే తీగపై వేలాడుతూ మనుషులను మోసే పెట్టె, రెండో దశ 2005లో పూర్తయినప్పటి నుంచి అఫర్వట్ కొండపై దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. ఆ పైనుంచి దిగే వాలుల్లో యంత్రాలు చదును చేసినవి దాదాపు లేవు, మంచు పొడిగా ఉంటుంది, స్కీలు భుజాన వేసుకుని శిఖరం వెంట ఇంకా నడిచి వెళ్లేవారూ ఉంటారు. తేలికగా, వెడల్పుగా ఉండే స్కీకి ఇంతకన్నా తగిన చోటు దేశంలో మరొకటి లేదు. హైదరాబాదు నుంచి అది విమాన ప్రయాణమంత దూరమే అయినా ఆ ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

2020 అక్టోబరులో కుండపోత వానలకు పాతబస్తీ లోతట్టు కాలనీల్లోకి వరద వచ్చినప్పుడు, అప్పటికి మెట్ల కిందికి మారిన ఈ జత బురదనీటిలో మునిగింది. బైండింగు మరల రంధ్రాల గుండా నీరు చెక్కలోకి దిగింది, తుప్పు పట్టి ఉబ్బిన అంచు పొరలను విడదీసింది. వడియాలకైనా పనికిరాని స్థితిలో పాత సామాన్లు కొనేవాడు వచ్చాడు. ఇనుముకు ఒక ధర, ప్లాస్టిక్కుకు ఒక ధర ఉన్నాయి గాని, రెండూ విడదీయరానంతగా అతికి ఉన్న వస్తువుకు అతని దగ్గర ధర లేదు. బైండింగులు విప్పించి తూచి, మిగిలినదాన్ని ఊరికే బండిపై వేసుకుపోయాడు.

అమెరికా నుంచి తిరుగు ప్రయాణం కడుతున్న కుటుంబాలు స్కీలను సామానులో సర్దే ముందు, అక్కడి ఊళ్లలో ఏటా శరదృతువులో పాత స్కీలను కొని అమ్మడానికి జరిగే సంతల్లో వాటిని తగిన స్కీయర్‌కు అప్పగించి రావాలి. తెచ్చుకుని తీరాలనుకుంటే మైనం పూసి, పొడిగా ఉండే చోట పెట్టి, జనవరి ఫిబ్రవరి నెలల్లో గుల్‌మార్గ్ తీసుకువెళ్లాలి.