పలక మీద వాన

2002లో దేశంలో నైరుతి వాన సగటులో 101 శాతమని వాతావరణ శాఖ ముందే లెక్క కట్టింది. కురిసింది 81. 2009లో 96 అంది, జూన్‌లో చెరిపి 93 అని రాసింది, పడింది 78. చెరిపి రాయడానికైతే మార్కాపురం పలక చాలదూ!

అవి పాత గణాంక సూత్రాలు లెండి. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే వాతావరణ మోడల్ 12 కిలోమీటర్ల అంచనా గడిని 6కు కుదించింది. గిద్దలూరు మబ్బుకు ఆ కబురు అందినట్టు లేదు. గట్టుకు అవతల చేను తడుస్తుంది, ఇవతల కంది సాలులో దుమ్ము లేస్తుంది.

అయినా పాపం, మోడల్ తప్పేది శాతాల్లో. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకు నీళ్లొచ్చే తేదీలు చెప్పినవారి లెక్క తప్పింది దశాబ్దాల్లో. వాళ్ల దగ్గర సూపర్ కంప్యూటర్ కూడా లేదు, ఉన్నది మైకు ఒక్కటే.