ముత్తాతగారి ఊరు

ఐర్లండ్‌కి యాత్రికులు రకరకాల పనుల మీద వస్తారు. కొండలెక్కేవాళ్ళు, గోల్ఫ్ ఆడేవాళ్ళు, పబ్బులో ఫిడేలు వింటూ తెల్లవార్చేవాళ్ళు. వాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. వచ్చి, చూసి, వానలో తడిసి, వెళ్ళిపోతారు. మూలాన్వేషి మాత్రం చూడడానికి రాడు. తిరిగి వస్తాడు. ఎన్నడూ రాని చోటికి తిరిగి రావడం ఎలాగో ఆయనకే తెలుసు.

బోస్టన్‌లోనో షికాగోలోనో పుట్టి పెరిగి, రిటైరైన మర్నాటి నుంచి ఆయనకి ఈ పూనకం పట్టుకుంటుంది. తలమీద ఆకుపచ్చ టోపీ, చంకలో లావుపాటి ఫైలు, వెనకాల ఆ ఫైలులోని సంగతులన్నీ కంఠతా వచ్చేసిన భార్య. ఉమ్మి పరీక్ష చేయించుకుని, తనలో ఐరిష్ పాలు ఎంతో దశాంశాలతో సహా తేల్చుకునే విమానమెక్కాడు. ఇంటిపేరు మర్ఫీ. ఐర్లండ్ మొత్తం మీద ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. కార్క్ కౌంటీలో దిగి "మర్ఫీల ఇల్లెక్కడండీ?" అనడం, కోనసీమలో బస్సు దిగి "సత్యనారాయణగారి ఇల్లెక్కడండీ?" అనడం లాంటిదే. అడగ్గానే ఎవరో ఒకరు చూపిస్తారు. చిక్కంతా అక్కడే.

ఆయన కథలో ప్రతినాయకుడు ఒక మంట. 1922 జూన్ ఆఖరులో, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. 1821 నుంచి 1851 దాకా తీసిన జనాభా లెక్కలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఆ తర్వాతి నాలుగు లెక్కల్ని ప్రభుత్వమే అంతకుముందు పనికిరాని కాగితాల కింద జమకట్టి వదిలించుకుంది. మొత్తంగా మిగిలినవి 1901, 1911 లెక్కలు. ముత్తాతగారేమో 1847లో, కరువు రోజుల్లోనే ఓడెక్కేశారు. ఈ సంగతి మూలాన్వేషి తన సొంత కొంప నిన్ననే కాలిపోయినట్టు చెబుతాడు. డబ్లిన్ టాక్సీ డ్రైవరు ఈ కథ వారానికి నాలుగైదుసార్లు వింటాడు. అయినా ఇప్పుడే విన్నట్టు "అయ్యయ్యో, అలాగా!" అంటాడు. మర్యాదకి పెట్టింది పేరు ఆ దేశం.

ఇక మిగిలింది చర్చి రిజిస్టర్లు. కాథలిక్ పారిష్‌ల పాత రిజిస్టర్లని నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. షికాగోలో సోఫా దిగకుండా చూసుకోవచ్చు. చూశాడు కూడా. అయితే ఫాదర్లు చాలాచోట్ల పేర్లని లాటిన్‌లోకి మార్చి రాశారు. ప్యాట్రిక్ అక్కడ పాట్రీషియస్, జేమ్స్ జాకోబస్. ఆపైన కోడిగీతల రాత. ఒకే పారిష్‌లో, ఒకే పదేళ్ళలో, అరడజను మంది పాట్రీషియస్ మర్ఫీలు బాప్తిస్మం పుచ్చుకుని కనిపిస్తారు. మామూలు మనుషులకి పూర్వీకుల్ని ఏరుకునే వీలుండదు. ఆయనకి ఆ వీలు దొరికింది. సముద్రం కనిపించే ఊళ్ళో పుట్టిన పాట్రీషియస్‌ని ఏరుకున్నాడు.

దీనికి నవ్వేవాళ్ళు ఆనీ మూర్ సంగతి కూడా తెలుసుకోవాలి. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో ఎలిస్ ఐలండ్ కేంద్రం తెరిచినప్పుడు, దాని గుండా అమెరికాలో అడుగుపెట్టిన మొదటి మనిషి ఆమె. కార్క్ పిల్ల. కోవ్ రేవులో ఆమెకి విగ్రహం ఉంది. టైటానిక్ చివరిసారి ఆగింది కూడా ఆ రేవులోనే కాబట్టి, మూలాన్వేషి అక్కడొక పూట గడుపుతాడు. ఈ ఆనీ తర్వాత టెక్సస్ చేరి అక్కడే పోయిందని ఏళ్ళ తరబడి అందరూ నమ్మారు. టెక్సస్ ఆనీ సంతతిని వేడుకలకి పిలిచి పెద్దపీట వేశారు. 2006లో మేగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు కాగితాలు తిరగేసి చూస్తే, టెక్సస్ ఆనీ పుట్టిందే అమెరికాలో, ఇలినాయ్ రాష్ట్రంలో. అసలు ఆనీ న్యూయార్క్ దాటి పోలేదు, మన్‌హట్టన్‌లోని బీదల పేటల్లోనే కాపురం చేసి 1924లో కన్నుమూసింది. ఒక దేశానికి దేశమే తప్పుడు ముత్తవ్వకి దండలు వేసినప్పుడు, ఒక్క మర్ఫీని పట్టుకుని వెక్కిరించడం ఏం న్యాయం?

కారు అద్దెకి తీసుకున్నాక ఆయన ఆనందం చూడాలి. అమెరికాలో కుడిపక్కన నడిపిన చెయ్యి. ఇక్కడ ఎడమ. రెండు పక్కలా రాతిగోడలు, నడిమధ్య గడ్డి మొలిచిన సందు రోడ్డు, మలుపు తిరిగితే గొర్రెలమంద. ఎదురొచ్చే ప్రతి రైతూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు పైకెత్తి పలకరిస్తాడు. ఆ పల్లెల్లో ఆ వేలు ఎవరొచ్చినా లేస్తుంది, పోస్టుమాన్‌కైనా సరే. "చూశావా, పోలిక పట్టేశాడు!" అంటాడు మూలాన్వేషి. భార్య మ్యాపు చూస్తూ ఉంటుంది.

మోహర్ కొండకొమ్ము దగ్గర ఆయనకి మాట పడిపోతుంది. పడిపోవాల్సిందే. 214 మీటర్ల కింద అట్లాంటిక్ సముద్రం బండకేసి కొట్టుకుంటూ ఉంటుంది. కాని ఆయన చూపు నీటి మీద ఉండదు, పైనున్న రాతి బురుజు మీద ఉంటుంది. మా మర్ఫీలు దీని మీద నుంచే వైకింగుల ఓడల్ని కనిపెట్టి ఉంటారంటాడు. దాన్ని 1835లో కార్నీలియస్ ఓబ్రయన్ అనే అక్కడి భూస్వామి కట్టించాడు, సముద్రం చూడవచ్చే అతిథుల కోసం. అంటే ఆ బురుజు మొదటినుంచీ ఆయనలాంటివాళ్ళ కోసమే నిలబడి ఉంది.

తరవాత స్వెటరు కొంటాడు. ఆరన్ దీవుల ఉన్ని స్వెటరు. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక అనీ, మునిగిపోయిన జాలరిని ఆ అల్లిక చూసే గుర్తుపట్టేవారనీ చెప్పుకుంటారు. ఈ కథకి బీజం 1904లో మొదటిసారి ఆడిన జాన్ సింగ్ నాటకంలో ఉందంటారు. అందులో పోయినవాణ్ణి చెల్లెలు గుర్తుపట్టేది మేజోడులో జారిన కుట్లని బట్టి. మేజోడు స్వెటరయింది, జారిన కుట్లు వంశచిహ్నమయ్యాయి. మర్ఫీ అల్లిక ఆయనకి తెగ నచ్చింది. నిజానికి స్వెటరు చాలా బాగుంటుంది, ఆ గాలికి అదే దిక్కు.

బ్లార్నీ కోటలో వెల్లకిలా వంగి రాయిని ముద్దు పెట్టుకోవడం, గిన్నెస్ బీరు కర్మాగారాన్ని 1759లో ఏడాదికి 45 పౌన్ల చొప్పున 9,000 ఏళ్ళకి లీజు తీసుకున్నారని విని తబ్బిబ్బవడం అందరు యాత్రికులూ చేసేవే. ఆయనా చేస్తాడు.

రెండోవారం స్కాట్లండ్. అది భార్య తరఫు. ఎడిన్‌బరో రాయల్ మైల్‌లో ఆమె ఇంటిపేరు చెప్పగానే, ఆ వంశానికి చెందిన గళ్ళ బట్ట ఇదిగోనని షాపువాడు బీరువాలోంచి తీస్తాడు. ఈ గళ్ళ పరువు 1822లో లేచింది. నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఊరందరికీ గళ్ళ దుస్తులు తొడిగించాడు. లావుపాటి రాజుగారు కిల్టు కింద గులాబిరంగు మేజోళ్ళు వేసుకున్నారు. ఏ వంశానికి ఏ గళ్ళో ప్రాచీన తాళపత్రంలా చెప్పే ఒక పుస్తకాన్ని 1842లో ఇద్దరు అన్నదమ్ములు అచ్చువేశారు. అది వాళ్ళు పుట్టించిన పుస్తకమేనని తర్వాత తేలింది. ఆ అన్నదమ్ములు తాము స్కాట్లండ్ జనం కథలుగా చెప్పుకునే రాకుమారుడు బానీ ప్రిన్స్ చార్లీ మనవలమని కూడా చెప్పుకునేవారు. మూలాన్వేషులకి వాళ్ళు కులగురువులు. 2009 నుంచి స్కాట్లండ్ ప్రభుత్వపు రిజిస్టరు ఒకటి ఉంది. రుసుము కట్టి ఎవరైనా కొత్త గళ్ళ నమూనా నమోదు చేయించుకోవచ్చు.

వేల్స్‌కి ఒక్కరోజే. రోమన్ లిపిలో 58 అక్షరాల పేరున్న ఆ రైలు స్టేషను బోర్డు కింద ఫొటో. ఆ పేరుని 1860లలో స్థానికులే సాగదీశారు, రైళ్ళలో వచ్చే జనాన్ని ఆపడానికి. ఇప్పటికీ ఆపుతోంది.

ఆయన్ని మరీ తీసిపారెయ్యడానికి లేదు. ఆయన ముందు నడిచినవాళ్ళు చిన్నవాళ్ళు కారు. 1963లో కెనెడీ వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని ముత్తాత పొలానికి వెళ్ళి, దాయాదుల ఇంట టీ తాగాడు. 1984లో రేగన్ తన ముత్తాత ఊరు బాలిపోరీన్ వచ్చాడు. అక్కడొక పబ్బుకి ఆయన పేరు పెట్టారు. పబ్బు మూతపడ్డాక దాని లోపలి సామానంతా ఊడదీసి కాలిఫోర్నియాలోని రేగన్ లైబ్రరీకి పట్టుకుపోయారు. మూలాల కోసం మనుషులు ఇటొస్తే, పబ్బు అటు వలసపోయింది. 2011లో ఒబామా మనీగాల్ అనే చిన్న ఊరికి వచ్చి ఒక గ్లాసు గిన్నెస్ తాగాడు. 1850లో ఆ ఊరు విడిచిన ఫాల్మత్ కియర్నీ ఆయనకి తాతకి ముత్తాత వరస. ఇప్పుడు మోటార్‌వే పక్కన బరాక్ ఒబామా ప్లాజా వెలిసింది. పెట్రోలు, శాండ్‌విచ్, మరుగుదొడ్డి. ఐర్లండ్‌కి తిరిగొచ్చిన మూలాన్వేషి అక్కడ ఆగి, టాంకు నింపుకుని, "నాకూ ఇలాంటిది కడతారేమో" అన్నట్టు ఓ చూపు చూస్తాడు.

చివరి మజిలీ ముత్తాతగారి పొలం. అక్కడొక ముసలి రైతు గేటుకి చేరబడి ఉంటాడు.

"ప్యాట్రిక్ మర్ఫీ ఇల్లు మీకేమైనా తెలుసాండీ? 1847లో వెళ్ళిపోయారు."

రైతు కాసేపు ఆలోచిస్తాడు. అబద్ధమాడడు. పైకప్పు కూలిన రాతిగోడలవైపు చెయ్యి చూపి, "అదే అయి ఉండొచ్చు సార్" అంటాడు. కరువు దశాబ్దంలో పది లక్షలమంది చనిపోయి, మరో పది లక్షలు ఓడలెక్కిన దేశం. మొండిగోడలకి కొదవ లేదు, ఏదో ఒకటి ఎవరో ఒక మర్ఫీదే. మూలాన్వేషి ఆ గోడ పట్టుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపులో మాత్రం కల్తీ ఉండదు. రైతు టోపీ తీస్తాడు. భార్య ఈసారి ఫొటో తియ్యదు.

పోతూ పోతూ పిడికెడు మట్టి పొట్లం కట్టుకుంటాడు. 2009 నుంచి షానన్ విమానాశ్రయంలో అమెరికా అధికారులే కూర్చుని, విమానమెక్కకముందే తమ దేశపు తనిఖీ పూర్తి చేస్తున్నారు. అనుమతి లేకుండా పరదేశపు మట్టి తీసుకురాకూడదని వాళ్ళ రూలు. పొట్లం బల్ల మీదికి వస్తుంది. ముత్తాతగారి ఊరిదని మూలాన్వేషి ఫైలు విప్పుతాడు. అధికారి పొట్లం చెత్తబుట్టలో పడేసి, ఫైలు తనవైపు తిప్పుకుని, మా సలివన్‌లు కూడా అటువైపేనంటూ బాప్తిస్మం పేజీ దగ్గర వేలు పెట్టి ఆగుతాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు గడియారాలు చూసుకోవడం మొదలుపెడతారు.