అష్టాదశ సోపాన వ్యాఖ్య

ఆ. పాప పైన నిదుర, పాలేమొ కిందింట,
మెట్లు నడుమ నిలిచి మెడలు సాచు,
అంతలోన నేడ్పు, అందని పొడిగుడ్డ,
తాత లేవలేడు, తండ్రి పరుగు!

అవతారిక. ఈ పద్యం పుట్టిన చోటు మా ఫ్రిజ్ తలుపు. కరెంటు బిల్లు వెనక ఎర్ర సిరాతో రాసి, అయస్కాంతం బిళ్ళతో అంటించి ఉండగా ఒక తెల్లవారుజామున నా కంటపడింది. కవి మా మామగారు. ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైనవారు. దేశం హైదరాబాదు శివారు. కాలం పాప పుట్టిన పదహారో రోజు. కావ్యస్థలం మా డూప్లెక్సు: కింద హాలు, వంటిల్లు, దేవుడి గది, ఒక చిన్న పడకగది, పైన రెండు పెద్ద గదులు, ఆ పైన డాబా, నీళ్ళ ట్యాంకు, బట్టలారేసే తీగ. కొనేటప్పుడు బిల్డరు "ఎవరి అంతస్తు వారిది, ఎవరి ప్రశాంతత వారిది సార్" అన్నాడు. అతనికి అప్పటికి పెళ్ళి కాలేదట.

మెదక్ వైపు కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటించేవాడికి పసిపిల్లల సామాను అమ్మే దుకాణంలో కొనడానికి ఏమీ ఉండదు. నేను రెండు ట్రాలీలు కొన్నాను.

ప్రతిపదార్థం. పాప = ఇంటికి కొత్తగా వచ్చిన యజమానురాలు; పైన = మనం ఏ అంతస్తులో లేమో ఆ అంతస్తులో; నిదుర = రోజుకు 14 నుంచి 17 గంటలని పుస్తకాలు చెప్పేదీ, ఏకబిగిన మూడు గంటలు దాటనిదీ అయిన వస్తువు; పాలు + ఏమొ = పాలయితే; కిందింట = ఫ్రిజ్ ఉన్నచోట; మెట్లు = పద్దెనిమిది. తక్కిన పదాల అర్థాలు అందరికీ తెలిసినవే. అనుభవమే తెలియాలి.

టీక. "పాప పైన" అన్నాడు కవి. ఎందుకు పైన? ఇక్కడ పెద్ద చర్చ ఉంది. పురిటి గది కిందే ఉండాలన్నది పూర్వుల మతం. నీళ్ళ పొయ్యి దగ్గర, చూడవచ్చినవాళ్ళకు దూరం, బాలింతకు మెట్ల బాధ ఉండదు. డాక్టరమ్మ మతమూ అదే. మా ఆవిడది ఆపరేషన్ కాన్పు. కొన్ని వారాల దాకా బిడ్డకన్నా బరువైనది ఎత్తొద్దు, మెట్లు వీలైనంత తగ్గించు అన్నారు. పూర్వులూ డాక్టర్లూ ఒక్కమాట మీద నిలబడే సందర్భాలు అరుదు గనుక మేము వెంటనే ఒప్పుకున్నాం. అయితే కింద ఉన్నది ఒకే గది. అందులో మా అత్తగారు దిగారు. ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కే వయసు దాటి పదేళ్ళయింది. ఒక పక్క కూతురి కుట్లు, ఒక పక్క తల్లి మోకాళ్ళు, మధ్య ఒక్క గది. "నేను హాల్లో చాప వేసుకుంటాలే" అని తల్లి, "నేను పైనే ఉంటాలే" అని కూతురు త్యాగాలకు పోటీపడ్డారు. ఆ త్యాగాలు అరగంటలో గొడవగా మారాయి.

చివరికి కుదిరిన ఒడంబడిక ఇది. పొద్దున ఎనిమిదింటికి తల్లీబిడ్డ ఒక్కసారి కిందికి దిగుతారు. రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి పైకెక్కుతారు. మధ్యలో బాలింత మెట్ల వైపు చూడకూడదు. బిడ్డను మోసేది నేను. ఒక చెయ్యి బిడ్డకు, ఒక చెయ్యి రెయిలింగుకు. మూడో వస్తువు ఏదైనా సరే, ఫోనైనా సరే, ఆ ప్రయాణంలో నిషిద్ధం. దీనివల్ల తేలిందేమంటే, పాపకు ఒక ఇల్లు కాదు, రెండు ఇళ్ళు అమర్చాలి. పడక రెండు, పొడిగుడ్డల బుట్ట రెండు, రబ్బరు షీటు రెండు, మూత ఉన్న చెత్తడబ్బా రెండు. ఈ సూత్రం నాకు మొదటి రోజే తెలిసి ఉంటే మామగారు ఈ పద్యం రాసేవారు కారు, నేను ఈ వ్యాఖ్య రాసేవాడిని కాను. మనుషుల అజ్ఞానం మీదే కదా సాహిత్యం బతికేది.

పడక విషయం. అత్తగారు ఊరి నుంచి ఒక నేత చీర తెచ్చారు, ఉయ్యాల కట్టడానికి. మా ఆవిడ ఊగింది ఆ చీరలోనేనట. దాన్ని పట్టుకుని ఆవిడ హాలంతా తిరిగి తలెత్తి చూశారు. "దూలమేదండీ?" అన్నారు. స్లాబు వేసిన ఇంట్లో దూలం ఉండదు. ఫ్యాను కొక్కెం ఉంటుంది, దానికి ఫ్యాను ఉంటుంది. యాభై లక్షలు పోసి కొన్న ఇంట్లో ఉయ్యాల కట్టడానికి చోటు లేదని ఆవిడ ఫోన్లో మా అమ్మకు చెప్పడం నేను విన్నాను. ఇంటి ధర అంతకన్నా చాలా ఎక్కువని నేను దిద్దలేదు. చీర మడిచి బీరువాలో పెట్టాం. పాపను గట్టి పరుపున్న చెక్క తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టాలనీ, దిండు, బొమ్మలు, దళసరి దుప్పట్లు అందులో ఉండకూడదనీ, తొట్టి కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ళ మంచం పక్కనే ఉండాలనీ పిల్లల డాక్టరు చెప్పాడు. తల గుండ్రంగా రావాలని అత్తగారు కుట్టి తెచ్చిన ఆవాల దిండు ఆ మాటతో వీగిపోయింది. ఆ ఆవాలు తర్వాత ఏమయ్యాయో నేను అడగలేదు. ఆ నెలంతా మా ఇంట్లో పులిహోర బాగా కుదిరింది.

"పాలేమొ కిందింట." ఇక్కడ ఒక శంక. పాప పైన ఉంటే తల్లీ పైనే కదా, తల్లి ఉన్నచోటే పాలు కదా, కిందికెలా పోయాయి? సమాధానం: ఇవి పిండి దాచిన పాలు. రాత్రి ఒక్క పూటైనా బాలింత నిద్రపోవాలని, ఆ పూట తండ్రి పట్టాలని ఏర్పాటు. 25 డిగ్రీలు దాటని గదిలో ఇవి నాలుగు గంటలు నిలుస్తాయి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. మే నెల హైదరాబాదులో మేడ మీది గది 25 డిగ్రీలు ఎప్పుడు చూసింది? అందుకని ఫ్రిజ్, అందుకని కిందిల్లు. కొందరు అర్వాచీన వ్యాఖ్యాతలు ఇవి డబ్బా పాలని అర్థం చెప్పారు, వారు పక్కింటివారు. పాలడబ్బాలకూ పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. పక్కింటివారి సలహాలు ప్రకటనల కిందికి వస్తాయో లేదో ఆ చట్టంలో ఉన్నట్టు లేదు.

"మెట్లు." తొమ్మిది ఎక్కి, ఒక మలుపు తిరిగి, ఇంకో తొమ్మిది. శబరిమలలోనూ పద్దెనిమిదే. అక్కడ 41 రోజుల దీక్ష పట్టాక మెట్లెక్కుతారు. ఇక్కడ మెట్లెక్కడమే దీక్ష. లెక్క చూడండి. కొత్త బిడ్డ ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది, గుడ్డలు ఇంచుమించు అన్నిసార్లూ మార్చాలి. పదిసార్లే అనుకుందాం. ప్రతిసారీ కావలసిన వస్తువు అవతలి అంతస్తులో ఉందనుకుంటే, ఎక్కడానికి పద్దెనిమిది, దిగడానికి పద్దెనిమిది, వెరసి రోజుకు 360 మెట్లు. సంవత్సరానికి ఎంతో లెక్కవేయడం మొదలుపెట్టి కూర్చున్నచోటే నిద్రపోయాను.

"నిలిచి మెడలు సాచు" అన్నది అర్థం కాక మామగారినే అడిగాను, మెట్లకు మెడలెక్కడివండీ అని. "ఇప్పుడు తెలీదు బాబూ" అన్నారు. తప్పించుకుంటున్నారనుకున్నాను.

"అంతలోన నేడ్పు, అందని." ఉకారం మీద అచ్చు పడితే సంధి నిత్యం కదా, ఇక్కడ ఎందుకు చెయ్యలేదు? కవి జవాబు: "ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ సంధి కుదర్లేదు." ఏడ్పుకు సంబంధించి ఒక విశేషం చెప్పాలి. పై అంతస్తులో ఏడిస్తే కింద వినపడదని ఒక యంత్రం కొన్నాం. ఒకటి తొట్టి దగ్గర, ఒకటి హాల్లో. అక్కడి శబ్దం ఇక్కడ వినిపిస్తుంది. మోకాళ్ళు కాస్త సహకరించిన ఒక రోజున అత్తగారు మెల్లగా పైకి వెళ్ళారు. కాసేపటికి హాల్లో ఉన్నట్టుండి లాలిపాట మొదలైంది. టీవీ ఆపి విన్నాం. పాట మధ్యలో ఆగింది. ఆ తర్వాత ఆవిడ పాపతో, లోకంలో కొందరు మగవాళ్ళు తడిగుడ్డకూ పొడిగుడ్డకూ తేడా ముట్టుకున్నా తెలుసుకోలేరనీ, వాళ్ళను ఇంజినీర్లని ఎవరంటారో తెలీదనీ, ఒక పెద్దమనిషి మాత్రం నలభై ఏళ్ళుగా కుర్చీకి అతుక్కుపోయాడనీ వివరంగా చెప్పారు. మామగారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆవిడ దిగి వచ్చేసరికి టీవీ శబ్దం పెంచి ఉంది. ఆ యంత్రం గురించి ఆవిడకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాఖ్య ఆవిడ చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.

"పొడిగుడ్డ." అత్తగారి ఏర్పాటు గొప్పది. మెట్ల కింద ఒక బుట్ట, మెట్ల పైన ఒక బుట్ట. పైకి చేరాల్సినవి కింది బుట్టలో పడతాయి, కిందికి చేరాల్సినవి పై బుట్టలో. ఎవడు మెట్లెక్కినా దిగినా వట్టి చేతులతో వెళ్ళకూడదు. (బిడ్డ చేతిలో ఉన్నప్పుడు ఈ నియమం వర్తించదు, పై నిషేధం చూడుడు.) దీనివల్ల ఇంటికొచ్చిన బంధువులు కూడా, పైన బాత్రూమ్ ఎక్కడ అని అడిగిన పాపానికి, చేతినిండా పొత్తిళ్ళతో మెట్లెక్కారు. స్నానం మాత్రం ఆవిడ ఎప్పుడూ కిందే. పీట వేసుకుని, కాళ్ళు చాచి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, వేణ్ణీళ్ళు పోస్తుంటే ఆ బాత్రూమ్ వైపు వెళ్ళే సాహసం ఎవరికీ లేదు. సాంబ్రాణి పొగ వద్దని డాక్టరు చెప్పాడు. సాంబ్రాణి దేవుడి గదికి పరిమితమైంది, దేవుడి గది తలుపు తెరిచే ఉంటోంది.

"తాత లేవలేడు." ఇది వ్యాకరణానికి సంబంధించిన రహస్యం. లేవలేడు అన్నది అశక్తిని చెప్పే రూపం. రాలేడు, పోలేడు, లేవలేడు. అంటే మనసుంది, శక్తి లేదు. అత్తగారు ఈ పద్యం చదివి, కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్క అక్షరం దిద్దారు. ఆవిడ పాఠం: "తాత లేవబోడు." గణాలు చెడలేదు, యతి చెడలేదు, నిజం మాత్రం పెరిగింది. మామగారు దీన్ని ప్రక్షిప్తమన్నారు.

"తండ్రి పరుగు." క్రియ లేదు. పరిగెత్తాడు అనో పరిగెత్తును అనో అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాడన్న ఆశ ఉండేది.

తాత్పర్యం. ఇక్కడికి వ్యాఖ్య పూర్తయిందనుకుని కలం మూశాను. ఎనిమిదో నెలలో మళ్ళీ తెరవాల్సి వచ్చింది.

పాప పాకడం మొదలుపెట్టింది. పాకుతూ హాలు దాటి మొదటి మెట్టు ముందు ఆగి, తలెత్తి పైకి చూసింది. ఆ క్షణాన మెట్లకు మెడలున్నాయని తెలిసింది. పద్దెనిమిది మెడలూ చాచి రమ్మని పిలుస్తున్నాయి. మామగారి శ్లేష ఎనిమిది నెలలు కాచుకుని కూర్చుంది.

ఇంతకాలం ఇంటిని పెద్దవాళ్ళ మోకాళ్ళకూ కుట్లకూ నిద్రకూ తగ్గట్టు సర్దాం. పాప కదలదు కనుక పాపతో ఇబ్బందే లేదు. ఇప్పుడు ఇల్లంతా మళ్ళీ మొదటి నుంచి, ఈసారి పాప కోసం. ప్లగ్గులకు మూతలు, బాత్రూమ్ బకెట్లలో చుక్క నీరు నిలవకుండా బోర్లించడం, ఇన్వర్టర్ చుట్టూ అడ్డు, ఇవి సులువు. మెట్లతోనే పేచీ. మెట్ల పైన పెట్టే గేటు గోడకు స్క్రూలతో బిగించేదే కావాలి, రెండు వైపులా ఒత్తుకుని నిలబడే రకం అక్కడ పనికిరాదు; బిడ్డ బరువుకు అదే ముందు దొర్లుతుంది. రెయిలింగు మరీ ఘోరం. మా బిల్డరు అందానికని స్టీలు గొట్టాలు అడ్డంగా వేశాడు. అడ్డం గొట్టాలంటే పిల్లలకు నిచ్చెనే కదా! అమెరికా ఇళ్ళ నిబంధనల్లో రెయిలింగు సందులోంచి నాలుగంగుళాల బంతి దూరకూడదని ఉంటుంది. మా సందులోంచి గుమ్మడికాయ దూరింది, నేనే చూశాను. దట్టమైన వల తెచ్చి పైనుంచి కిందిదాకా కట్టాం. ఇల్లు కోళ్ళఫారంలా ఉందని చుట్టాలన్నారు.

మామగారు ముచ్చటపడి చక్రాల నడకబండి కొన్నారు. కూర్చోబెడితే పాప హాలంతా దొర్లుతుందట. అవి మెట్ల మీద నుంచి పడి పిల్లలకు దెబ్బలు తగులుతాయనే కెనడాలో 2004 నుంచి అమ్మకమే నిషేధమని చెప్పాను. "కెనడాలో మెట్లెక్కువ కాబోలు" అన్నారు. కానీ మర్నాటికి బండి డాబా మీదికి చేరింది. అందులో ఇప్పుడు తులసి కుండీ ఉంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కింది గేటు గడియ వెయ్యడం మరిచాను. నేను ఫోన్లో, అత్తగారు వంటింట్లో, మా ఆవిడ డాబా మీద. మామగారు కుర్చీలో, వారపత్రిక చేతిలో. ముందు పాప నవ్వు వినపడింది, తర్వాత కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. తలెత్తి చూసేసరికి పాప మూడో మెట్టు మీద ఉంది. నాలుగో మెట్టు మీద మామగారు, రెండు చేతులతో ఆమెను పట్టుకుని, రొప్పుతూ. ఏ కాళ్ళతో అక్కడికి చేరారో ఆయనకే తెలీదు. నేను సోఫాలోంచి ఇంకా లేవనే లేదు.

మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీద నాలుగో పాదం కొట్టేసి ఉంది. దాని కింద మా ఆవిడ దస్తూరీలో కొత్త పాఠాంతరం: "తండ్రి లేవలేడు, తాత పరుగు!"

గణవిభజన చేసి చూశాను. అయిదూ సూర్యగణాలే. యతీ కుదిరింది.